మీటర్లో తాళం బొమ్మ

ఉగ్గానికని రెండో చేట బొరుగులు కూడా నీళ్ళలో పోశాను. అవి వెంటనే మునగవు. అరచేత్తో అదిమితే లోపలికి పోయినట్టే పోయి వేళ్ళ సందుల్లోంచి పైకి తేలతాయి, నీళ్ళు తాగేదాకా అలా పట్టుకుని ఆ తర్వాత పిడికిట్లోకి తీసుకుని పిండాలి. గట్టిగా పిండితే ముద్దవుతాయి, వదులుగా పిండితే బాణలిలో నీరు ఊరుతుంది. ఇద్దరికి ఇన్ని అక్కర్లేదు. కానీ చెయ్యి ఆగితే ఇంకేదో ఒకటి చెయ్యాలి, ఇంకేదో ఒకటి అంటే పడకగదిలోకి పోయి దిండు గలీబులో చెయ్యి పెట్టడమే, అందుకని ఇంకో పిడికెడు, ఇంకో పిడికెడు. వరండాలో కుర్చీలు జరిగాయి. ఒకరు ఇలియాస్, నా భర్త వసీం స్నేహితుడు, జమ్మలమడుగు రోడ్డులో కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. రెండో ఆయనను నేనెప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడడం లేదు, పరదా అవతలి గొంతు మాత్రం వింటున్నాను. పేరు నారాయణ, పులివెందుల దగ్గర వేముల, చీనీ బత్తాయి తోటలున్న మనిషి. వసీం పోయాక అతని కారు ఇంజిన్ ఈ నారాయణ పాత కారులోకి వెళ్ళింది. వెళ్ళింది కానీ నడవడం లేదు. అది నడవడానికి కావలసిన తాళం నా దిండు గలీబులో ఉంది.

ఇద్దత్ పోయిన శుక్రవారానికే పూర్తయింది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుట పడకూడదు. అది అయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి, కొత్త బట్టలు పెట్టి, మొదటిసారి వాళ్ళే బయటికి తీసుకుపోతారు. మా వాళ్ళు రాజుపాలెంలో శనగ కోతల్లో ఉన్నారు, వచ్చే శుక్రవారం వస్తామని కబురు పెట్టారు, నేనూ తొందరపెట్టలేదు. బయటికి పోయి ఏం చెయ్యాలో తోచడం లేదు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో చెవులతోనే బతికాను. పాలబండి, నీళ్ళ ఆటో, ఎదురింటి వెల్డింగు చిటపట, మసీదు మైకు ముందు గొంతు సవరించుకునే ముసలాయన దగ్గు, అన్నీ గోడ అవతలి నుంచే. ఏ మోటారు సైకిలు ఎవరిదో చెప్పగలను. సందు మొదట్లో గేరు మార్చేదెవరు, మార్చకుండా ఈడ్చుకొచ్చేదెవరు. వసీం ఉన్నప్పుడు కూడా అంతే. కారు మా సందులో పట్టదు, వీధి చివర రేషను షాపు పక్కన పెట్టేవాడు, దిగి తాళం మీది బొత్తాం నొక్కితే కారు రెండుసార్లు కుయ్‌మనేది, ఆ రెండు కూతలకు నేను స్టవ్వు మీద టీ నీళ్ళు పెట్టేదాన్ని. నీళ్ళు మరిగేలోపల అతను గుమ్మంలో ఉండేవాడు. ఇప్పుడు ఆ బొత్తాం నేను నొక్కుతాను. తాళం మీద చిన్న ఎర్రచుక్క వెలుగుతుంది. వీధి చివర ఏదీ కూయదు. కూయదని తెలిసే నొక్కుతాను. అతని బొటనవేలు పడీపడీ ఆ చోట రబ్బరు నునుపుగా, నూనె రాసినట్టు ఉంటుంది, నా వేలు అక్కడ జారుతుంది.

"ఏమప్పా ఇలియాసూ," అంటున్నాడు నారాయణ. "ఇంజిన్ పెట్టినావు, గేరు బాక్సు పెట్టినావు, మీటరు పెట్టినావు. ఇంగ పెట్టాల్సింది నా తలకాయొకటే మిగిలిండాది."

"తలకాయ వద్దులే మామా. దానికి కంప్యూటరు ఉండాది."

"అది నాకంటే మొండిదిరా నాయనా. నా పాత బండి తాళం పోతే స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే లేసేది. పెండ్లాం లేయని పొద్దున గూడా అది లేసేది."

"అది గుడ్డి బండి మామా. ఎవురు తిప్పినా లేస్తాది. ఇది మనిషిని గుర్తుపట్టే బండి."

మా అత్త మైమూన్ వరండాలోనే చాప మీద కూర్చుని ఉంటుంది, కాళ్ళు చాపుకుని, తస్బీ జపమాల వేళ్ళ మధ్య. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడతాం, నారాయణ ఉన్నాడు కాబట్టి ఇప్పుడు అందరూ తెలుగులోనే. ఎర్రగడ్డలు తరగడానికి కత్తిపీట ముందు కూర్చున్నాను. కళ్ళు మండుతాయి, అది మంచిదే, ఎందుకు నీళ్ళు వస్తున్నాయో ఎవరూ అడగరు. నాకే తెలియాల్సిన పని లేదు. మొదటి నెలలో వచ్చిన ఆడవాళ్ళందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు, నేను వాళ్ళకోసం ఏడ్చాను, ఒకరు పోయి ఇంకొకరు వస్తే మళ్ళీ మొదటి నుంచి. అప్పుడే అలిసిపోయాను. నిద్రపోతే తీరే అలసట కాదు అది. నిద్రపోయి లేస్తే ఇంకొంచెం ఎక్కువవుతుంది.

ఇలియాస్ నారాయణకు వివరిస్తున్నాడు, చాలాసార్లు చెప్పిందే అయి ఉంటుంది, గొంతు అరిగిపోయినట్టుంది. రెండు కార్లూ ఒకే రకం, నారాయణది పాతది, వసీంది పదేళ్ళ తర్వాతిది. ఇంజిన్ దించినప్పుడు ఏ బోల్టూ మొండికెయ్యలేదట, పాత ఇంజిన్ లేచిన చోట కొత్తది కూర్చుంది, రంధ్రాలన్నీ కలిశాయి. కలవనిది మాట. పాత బండిలో ఒక్కో పనికి ఒక్కో వైరు, లైటుకొకటి, ఫ్యానుకొకటి, ఎక్కడ తెగితే అక్కడ చీకటి, వెతుక్కోవడం తేలిక. కొత్త దానిలో మెలేసిన రెండే రెండు వైర్లలో కంప్యూటరు డబ్బాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. పాత మీటరుకు ఆ మాటలు అర్థం కావు, పాత పెడలు కింద ఉండేది ఉత్త కేబులు, కొత్త ఇంజిన్ అడిగేది కేబులు కాదు, కరెంటు. అందుకని వసీం కారులోంచి ఇంజిన్‌ను నడిపే డబ్బా, వైర్ల కట్ట, మీటరు, పెడలు, తాళం పెట్టే గొట్టం దాకా అన్నీ విప్పి తెచ్చి పాత కారుకు కట్టాడు. ఒంటికి ఒళ్ళు సరిపోయింది మామా, మాట కుదిరేదానికే ఇంత కాలం పట్టింది అన్నాడు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నా ఉర్దూ పల్లెటూరి ఉర్దూ, సగం తెలుగు కలిసేది, చదివింది రాజుపాలెం బడిలో పదో తరగతి దాకా తెలుగులో. ఉప్పు తెమ్మంటే అర్థం కాక ఇంకేదో తెచ్చేదాన్ని, అత్త నవ్వేది కాదు, మళ్ళీ చెప్పేది కూడా కాదు, తనే లేచి తెచ్చుకునేది. వసీం రాత్రి అన్నం తింటూ ఒక్కో మాట చెప్పేవాడు, ఇది మీ ఊళ్ళో అట్లా అంటారు, ఇక్కడ ఇట్లా అంటారు అని. కొన్నాళ్ళకు అత్త అడిగింది నా చేతి నుంచే అందుకోవడం మొదలుపెట్టింది. ఏ రోజు నుంచో నాకు గుర్తు లేదు.

"తాళం ఇచ్చినాం గదప్పా," అంది అత్త చివరికి. "హఫీజు మనిషి వస్తే నేనే గోడ మేకు నుంచి తీసిచ్చినా."

హఫీజ్‌ది జమ్మలమడుగులో పాత ఇనుము యార్డు, కారును కొన్నది అతనే.

"అదే ఖాలా పొరపాటు," అన్నాడు ఇలియాస్ అత్తతో. "నేను హఫీజును ఫుల్ ఇంజిన్ కావాలన్నా. ఫుల్ అంటే తాళంతో సహా అని నా లెక్క. ఫుల్ అంటే గేరు బాక్సుతో సహా అని వాళ్ళ లెక్క. ఆయప్ప తాళం గూడా ఇచ్చినాడు, నేనూ జేబులో ఏసుకున్న్యా. మీరిచ్చింది బస్టాండు తావ కోయించిన తాళం. డోరు తెరుస్తాది, స్టార్టరు తిప్పుతాది, ఇంజిన్ లేస్తాది, లేసినట్టే లేసి ఆరిపోతాది. మీటర్లో తాళం బొమ్మ కొట్టుకుంటా ఉంటాది. నేను దాన్ని చూసి గూడా వైర్లే తప్పనుకున్న్యా. కట్టిందంతా ఇప్పదీసి మళ్ళా కట్టినా."

"రెండుసార్లు కట్టినాడక్కా," అన్నాడు నారాయణ. "నా బండిలో మా తాత పంచె నేసినట్టు నేసినాడు."

ఆ తాళం ఎందుకు కోయించాడో నాకు తెలుసు. కారు అద్దెకు తిప్పే డ్రైవర్లందరికీ అలాంటిది ఒకటుంటుంది. పెళ్ళికో ఆసుపత్రికో తీసుకుపోయిన పెద్దవాళ్ళు వెనక సీట్లో కూర్చుని ఏసీ ఆపొద్దంటారు, ఇంజిన్ నడుస్తూ ఉండాలి, డ్రైవరుకేమో దిగి టీ తాగాలి. అసలు తాళం లోపల వదిలేసి, కోయించిన తాళంతో బయట నుంచి డోరు వేసుకుని పోతాడు. బస్టాండు బయట గొడుగు కింద కూర్చునే తాళాలాయన కాసేపట్లో రాకి ఇచ్చేస్తాడు. పాత కార్లకు ఆయన చేసిందే అసలు, ఆయన చేసిందే నకలు, రెండిటికీ తేడా లేదు. కొత్త వాటిలో అసలు తాళం తల లోపల బియ్యపు గింజంత చిప్పు ఉంటుందని, ఆ గింజను డబ్బా గుర్తుపడితేనే ఇంజిన్ నిలబడుతుందని ఆ తాళాలాయనకూ పట్టదు, కోయించుకునే డ్రైవరుకూ పట్టదు, డోరు పడితే చాలు. వసీం ఆ తాళాన్ని దొంగతాళం అనేవాడు. దొంగతాళం ఇంట్లో మేకుకు ఉండేది, ఒక్కో రోజు మరిచిపోయి పోయేవాడు, ఆ రోజు టీ తాగకుండా తలనొప్పితో వచ్చేవాడు. హఫీజ్ మనిషి వచ్చినప్పుడు నేను లోపల గదిలో ఉన్నాను, ఇద్దత్‌లో పడిన మొదటి నెల. అతను తాళం అడిగాడు, అత్త మేకు మీద చూసింది, ఉంది, ఇచ్చింది. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకు తెలియదు.

అసలు తాళం అతను పోయిన రోజు చొక్కా జేబులో ఉండింది. ఆ రోజు పులివెందుల నుంచి ముగ్గురిని తెచ్చి చిలమకూరులో దించి, వాళ్ళ పని అయ్యేదాకా రోడ్డు పక్కన కారు ఆపుకున్నాడు. ఎవరూ లేరు కాబట్టి ఏసీ ఆపి, తాళం జేబులో వేసుకుని, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. కాచుకునే వేళల్లో ఎప్పుడూ అంతే, ముందు సీట్లో నిద్ర పట్టేది కాదు, స్టీరింగు చూస్తే చేతులు వాటంతటవే లేస్తాయి అనేవాడు. లారీ వెనక నుంచి వచ్చింది. కారు ముందు భాగానికి గీత కూడా పడలేదట, లైట్లు, అద్దం, బంపరు, లోపల ఇంజిన్, అన్నీ పొద్దున బయల్దేరినప్పుడు ఉన్నట్టే. ముందు కూర్చుని ఉంటే అని మొదట్లో చాలా అనుకున్నాను. ఒక ప్రయాణికుడు ఏసీ కావాలని లోపల కూర్చుని ఉంటే, ఇతను టీ కొట్టు దగ్గర ఉండేవాడు కదా అనుకున్నాను, ఆ ప్రయాణికుడికి ఏమయ్యేదో ఆలోచించకుండానే. ఇప్పుడు అనుకోను. మనసు అక్కడిదాకా పోయి, గేటు వేసిన ఇంటి ముందు నిలబడినట్టు కాసేపు నిలబడి, తిరిగి వచ్చేస్తుంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన సంచిలో చొక్కా, వాచీ, ఫోను, తాళం. చొక్కా అత్త ఉతికింది, చాలాసేపు ఉతికింది. తాళం నేను తీసుకున్నాను. అత్త చూసింది. చూసి చొక్కా వైపు తిరిగింది.

తిరగమోత వేశాను. ఆవాలు చిటపటమంటున్నాయి, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, ఎర్రగడ్డలు. పరదా కదిలింది. అత్త వచ్చి గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది. ఆమె మోకాళ్ళు ఈ మధ్య పట్టేస్తున్నాయి, లేచిన ప్రతిసారీ ఒక క్షణం ఎక్కడున్నానో అన్నట్టు చూస్తుంది. గొంతు తగ్గించి ఉర్దూలో, అది నీ దగ్గరే ఉందా అంది. నేను గరిటె తిప్పాను. ఆమెకు తెలుసు, ఎందుకు అడిగిందో కూడా నాకు తెలుసు, లేదు అని నేను అంటే ఆమె పోయి లేదు అని చెప్పేస్తుంది, అందుకు నాకొక అవకాశం ఇస్తోంది. నేను లేదు అనలేదు. పసుపు వేశాను. ఇయ్యమని నేను చెప్పను, ఇయ్యొద్దనీ చెప్పను, నా కొడుకు తాళమది, నా వల్ల కాదు అంది. కాసేపు నిలబడి, బాణలిలోకి చూసి, ఉప్పు వేశావా అంది. తల ఊపాను. పోయింది.

"భాభీ," అన్నాడు ఇలియాస్ పరదా అవతల నుంచి, తెలుగులోనే, నారాయణకు కూడా తెలియాలని కాబోలు. "మిమ్మల్ని బలవంతం పెట్టేదానికి రాలేదు. ఉంటే ఇయ్యండి. లేకుంటే డబ్బాను బెంగుళూరికి పంపిస్తా. ఆడ లోపల ఉండేది చెరిపేసి, తాళం అడగకుండా చేసిస్తారు. పదైదు దినాలు పడ్తాది."

"పదైదు దినాలు నేను ఆగను," అన్నాడు నారాయణ. "ఆ మాట దావలోనే చెప్పినా గదప్పా. ఈ పొద్దు లేస్తే లేసింది. లేకుంటే సాయంత్రం బండిని తాడు కట్టి పులివెందులకు లాక్కపోతా. నా పాత ఇంజిన్నే బోరు చేయించి నడుపుకుంటా. ఈ ఇంజిన్ నీదే, తీసుకపోయి హఫీజుకేసుకో."

"హఫీజ్ తునకలు చేసి అమ్ముతాడు మామా."

"తునకలు చేస్తాడో తునకలు తింటాడో నాకేం తెలుసప్పా."

అత్త గొంతు, "ఇస్తే మళ్ళా తెచ్చిస్తావా? పని అయినాక?"

ఇలియాస్ అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పాలనుకుంటే మాత్రం ఇప్పుడే చెప్పాలి. "తెచ్చిస్తా ఖాలా. కానీ మామకు వేరే తాళాలు కావాల. వాటిని డబ్బాకు నేర్పినప్పుడు అది ముందుదాన్ని మర్చిపోతాది. ఒగసారి మర్చిపోతే ఇంగ గుర్తురాదు. ఉత్త ప్లాస్టిక్కు తెచ్చియ్యగలను."

బొరుగులు బాణలిలో వేసి కలుపుతున్నాను, అడుగు నుంచి పైకి, పసుపు అన్నిటికీ అంటాలి, ఒక్కటి తెల్లగా మిగిలినా అత్త వేలితో చూపిస్తుంది. ఇవ్వకపోతే ఏమవుతుందో నాకు కనిపిస్తూ ఉంది. జమ్మలమడుగు యార్డును నేను చూడలేదు, కానీ ఇలియాస్ చెప్పగా విన్నాను, మొదట రాగి కోసం వైర్లు కోస్తారు, తర్వాత అల్యూమినియం ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప, నడిచే భాగాలు ఒక్కోటి ఒక్కో ఊరికి. ఇలియాస్ ఆ ఇంజిన్‌ను అలా కానివ్వకూడదనే కొన్నాడని నా అనుమానం. నారాయణకు ఇంజిన్ కావాలన్నది తర్వాతి మాట. అతను అలా చెప్పడు, చెప్పుకుంటే పరువు పోతుందన్నట్టు బోల్టుల గురించి, వైర్ల గురించి మాట్లాడతాడు. తునకలైపోతే తాళం నా దగ్గర ఉంటుంది, దానికి గుర్తుపట్టేది ఏదీ ఈ లోకంలో ఉండదు. ఇస్తే ఇంజిన్ ఉంటుంది, తాళాన్ని మరిచిపోతుంది. రెండిట్లో ఏది తక్కువ నష్టమో తేల్చుకునే ఓపిక నాకు లేదు. ఎవరైనా వచ్చి చేతిలోంచి లాక్కుపోతే బాగుండును. లేకపోతే ఈ పొయ్యి దగ్గరే ఇలా కలుపుతూ ఉండిపోతే, సాయంత్రమై, తాడు కట్టి లాక్కుపోయి, అంతా అయిపోయాక ఎవరో వచ్చి చెబితే. పొద్దున్నే ఆ ఇంజిన్ చప్పుడు కుట్టుమిషను చప్పుడులా ఉండేది, టకటకటక, చల్లగా ఉన్నప్పుడు గట్టిగా, వేడెక్కే కొద్దీ మెత్తగా. వీధి చివర నుంచి వంటింట్లోకి వినిపించేది. మెత్తబడింది అనుకున్నాక కాసేపటికి కదిలిపోయేది. ఆ మెత్తబడటం దగ్గర నేను ఏ పనిలో ఉన్నా ఒకసారి ఆగేదాన్ని. ఎందుకో అతనికి చెప్పలేదు, చెప్పడానికి అందులో ఏమీ లేదు.

నిమ్మకాయ పిండి, పప్పుల పొడి చల్లి దించాను. పళ్ళేలలో పెట్టి పరదా కింద నుంచి జరిపాను. అత్త అందుకుంది. కాసేపు తినే చప్పుడు. అత్త నీళ్ళు పోస్తున్న చప్పుడు.

"ఉగ్గాని శానా బాగుండాదక్కా," అన్నాడు నారాయణ, గొంతు కొంచెం దిగింది. "మా ఇంట్లో ఇది చేసి ఎన్నాళ్ళాయనో. మా వనజమ్మ పొయ్యి కాడ నిలబడలేదు. మోకాళ్ళు రెండూ పోయినాయి. కారు చెడిపోయినప్పట్నుంచి ఇల్లు దాటలే. బస్సు మెట్టెక్కలేదు, ఆటోలో కూర్చోబెడితే గుంతలకు అరుస్తాది."

"నాకూ అంతేనప్పా," అంది అత్త.

"నీకు కోడలన్నా ఉండాది. మా దాన్ని వరండాలో మంచమేసి కూర్చోబెట్టి నేను తోటకు పోతా. మద్దేనం వస్తే నాకు లెక్క చెప్తాది. ఫలానోని ట్రాక్టరు పోయింది, ఫలానోని బండి సైలెన్సరు పగిలింది, డాక్టరు కారు మన దావన వచ్చి తిరుక్కోనిపోయింది అని. ఏమే చూస్తివా అంటే, చూడల్యా, ఇన్న్యా అంటాది. సప్పుడు పట్టుకోని చెప్తాదక్కా ఎవురి బండో. మన బండి మాత్రం యాడుందో దానికి తెలీదు. నెల నుంచి అడుగుతాంది, ఇలియాసు చేస్తాండాడా, నిద్రపోతాండాడా అని."

"నిద్ర యాడిది మామా," అన్నాడు ఇలియాస్.

"నేనూ అదే చెప్పినాలే. నీ మాదిరే ఆ పిల్లోడు గూడా పొద్దన్నమానం ఆ బండి సప్పుడొక్కటే వింటాండాడే అన్న్యా."

బాణలి కడగడానికి నీళ్ళు పోశాను, వేడి మీద సుయ్‌మంది, ఆవిరి లేచింది. వేములలో ఒక మంచం, మంచం మీద నేనెన్నడూ చూడని ఒక ఆడమనిషి, రోడ్డు వైపు తల కూడా తిప్పకుండా వింటోంది. ఆమెకు ఇంకా తెలియదు, రాబోయే కారు చప్పుడు ఆమెకు అలవాటైన చప్పుడు కాదు. పాతది గుర్గుర్‌మనేదేమో, ఇది కుట్టుమిషను. మొదటి రోజు పోల్చుకోలేకపోతుంది. ఎవరో పరాయివాళ్ళు వచ్చారనుకుంటుంది. రెండో రోజు కూడా అనుకుంటుంది. తర్వాత ఒక రోజు, పొయ్యి దగ్గర నిలబడలేని మనిషి, అది మలుపు తిరగ్గానే ఆయన వస్తున్నాడని పోల్చుకుంటుంది. నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఏదో పక్కకు జరిగినట్టయింది అంతే, గదిలో ఎప్పటి నుంచో ఉన్న పెట్టెను ఎవరో ఒక అంగుళం జరిపినట్టు. ఇస్తాను అనుకున్నాను. అనుకోగానే ఇంకో సంగతి తెలిసింది, అది ఇంతసేపూ ఎందుకు తెలియలేదో. ఇస్తే వాళ్ళు తీసుకుపోతారు, షెడ్డులో తిప్పుతారు, అది లేస్తుంది, చల్లగా ఉంటుంది కాబట్టి మొదట గట్టిగా, తర్వాత మెత్తగా. నేను ఇక్కడ ఉంటాను. షెడ్డు జమ్మలమడుగు రోడ్డులో ఉంది, నాలుగు వీధుల అవతల. అక్కడి నుంచి వంటింట్లోకి వినిపించదు. సాయంత్రం ఇలియాస్ వచ్చి లేసింది భాభీ అంటాడు, ఆ మాట వింటాను, దాన్ని వినను. అది మరిచిపోయే ముందు ఒక్కసారి దీన్ని గుర్తుపడుతుంది కదా, ఆ ఒక్కసారి ఎవరి చేతిలో తాళం ఉంటుంది.

చేతులు కడుక్కున్నాను. పసుపు గోళ్ళ సందుల్లో ఉండిపోయింది. పడకగదిలో గలీబు లోపలికి చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది, దూది వెచ్చదనం. బొత్తాం నొక్కలేదు. బుర్ఖా ట్రంకు పెట్టెలో అడుగున మడతపెట్టి ఉంది, మడతల దగ్గర గీతలు పడ్డాయి, విప్పితే కలరా ఉండల వాసన. ఇస్త్రీ చెయ్యాలి అనుకుని, ఎందుకు అనుకున్నాను. ఒంటరిగా, పుట్టింటివాళ్ళు రాకుండా, కొత్త బట్టలు లేకుండా, మొదటిసారి గడప దాటిన మనిషి గురించి ఈ సందులో ఏమంటారో నాకు తెలుసు, ఎవరెవరు ఏ మాటల్లో అంటారో కూడా తెలుసు. వాళ్ళ గొంతులన్నీ నాకు గోడ అవతల నుంచి వచ్చినవే. ఓపిక ఉంటే భయపడేదాన్ని.

పరదా తీశాను. వరండాలో వెలుతురు ఎక్కువగా ఉంది, అంత వెలుతురు నేను మరిచిపోయాను. నారాయణ నేను అనుకున్నంత పెద్దమనిషి కాదు, పొట్టిగా, చెవుల మీద వెంట్రుకలతో, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి పళ్ళెం పట్టుకునే లేచాడు. ఇలియాస్ గోడ వైపు తిరిగాడు. అతని చేతుల మీద ఎన్ని సబ్బులకూ పోని నల్లదనం.

"శుక్రవారం మీవాళ్ళు..." అని మొదలుపెట్టింది అత్త. నా పిడికిలి చూసింది. తస్బీ గింజలు వేళ్ళ మధ్య ఆగిపోయాయి. నన్ను ఆపదు అని అప్పుడు తెలిసింది. ఆమె కాళ్ళు ముడుచుకుని, చాప మీద నాకు దారి ఇచ్చింది.

నా చెప్పులు స్టాండు అడుగున ఉన్నాయి, దుమ్ము పట్టి, ఒకదాని మీద ఒకటి. వాటిని నేల మీద తట్టి వేసుకున్నాను, పిడికిట్లో తాళంతో మెట్లు దిగి, జమ్మలమడుగు రోడ్డు వైపు తిరిగాను.